సెలవుల్లో కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. వరుస పరీక్షలతో తల మొద్దుబారిపోతోంది. సెలవులకు ఇంటికొచ్చి, మామయ్య ఇచ్చిన పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో చెరువు గట్టు మీద కూర్చుంటేనే ప్రాణం తేలికపడుతుంది. ఫొటోలు చూసుకుంటే మాత్రం మళ్లీ దిగులు. 55-250 మి.మీ. జూమ్ లెన్సుంది. పిట్టలు మసకగా వస్తాయి, కొంగలు తెల్లటి మచ్చల్లా మిగులుతాయి, దగ్గరికెళ్తే ఎగిరిపోతాయి. సంక్రాంతి సెలవుల్లో ఏం మార్చుకోవాలి?

జవాబు: ముందు పిట్టల వెంట నడవడం మానండి. సెలవులన్నాళ్లూ ఒకే చెరువు, ఒకే గట్టు చాలు. లకుముకి పిట్టనే తీసుకోండి. దానికి వేటకు అలవాటైన కొమ్మలు కొన్నే ఉంటాయి. నీళ్లలోకి దూకినా చాలాసార్లు అదే కొమ్మకు తిరిగొస్తుంది. మొదటి ఉదయం కెమెరా సంచిలోంచి తీయకుండా ఆ కొమ్మ ఏదో కనిపెట్టండి. మర్నాడు తెల్లవారకముందే వెళ్లి, దానికి ఎనిమిది, పది మీటర్ల దూరంలో, ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోండి. మట్టిరంగు చొక్కా వేసుకోండి. జూమ్‌ను పూర్తిగా 250కి తిప్పి అంత దూరం నుంచి తీస్తే పిట్ట ఫ్రేములో సుమారు మూడో వంతు వస్తుంది. ముప్పై మీటర్ల నుంచైతే పదో వంతే. ఆ చిన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేసినప్పుడు కూడా మసకే కనిపిస్తుంది.

అసలు మసకకు కారణం ఎక్కువగా షట్టర్ వేగం. వాలి ఉన్న పిట్టకు సెకనులో 1/500 వంతు, ఎగిరేదానికి 1/1600 వంతు పెట్టండి. ఐఎస్‌ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, ఆటోలో ఉంచి గరిష్ఠం 3200కి కట్టేయండి. చుక్కలు చుక్కలుగా ఉన్న ఫొటోను కొంత బాగుచేయవచ్చు, కదిలిపోయినదాన్ని చేయలేం. ఫోకస్‌ను ఏఐ సర్వోలో, అంటే కదిలే పిట్టను వెంటాడే పద్ధతిలో, ఉంచి మధ్య బిందువొక్కటే వాడండి. ట్రైపాడ్ కొనక్కర్లేదు. పాత జీన్సు కాలు ఒక జానెడున్నర కత్తిరించి, కిలో బియ్యం పోసి రెండు వైపులా కుట్టేయండి. గట్టు మీదో రాయి మీదో పెట్టి, దానిపై లెన్సు ఆనించండి.

కొంగ సంగతి వేరు. చుట్టూ నల్లటి నీళ్లుంటే కెమెరా మొత్తం దృశ్యాన్ని చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, దాంతో రెక్కల గీతలు చెరిగిపోతాయి. ఫొటో వెలుగును తగ్గించి పెంచే ఎక్స్‌పోజర్ సవరణను -1కి దించండి. భోగి నాటి పొగమంచులో దీనికి పూర్తిగా తిరగేయాలి: తెల్లదనాన్ని కెమెరా బూడిదరంగు చేస్తుంది కాబట్టి +2/3 లేదా +1. మంచులో ఫోకస్ అటూ ఇటూ తచ్చాడుతుంటే పిట్టకు సమాన దూరంలో ఉన్న తాటి మొద్దు అంచు మీద పట్టి, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చాక పిట్ట వైపు తిప్పండి.

ఇక దిగులు. మొదటి రెండు ఫొటోల్లో వెలుగు సరిచూసుకున్నాక, తీసిన బొమ్మ తెర మీద కనిపించే సదుపాయాన్ని ఆపేయండి. తల వంచి తెర చూసుకునే ఆ రెండు క్షణాల్లోనే పిట్ట దూకుతుంది, మీ మనసూ గట్టు మీద నుంచి మార్కుల జాబితాలోకి వెళ్లిపోతుంది. సాయంత్రం ఇంట్లో చూసి ఐదు ఉంచుకోండి. మీరు గట్టు మీదికి వెళ్లేది ఊరట కోసం, దాన్నీ మరో పరీక్ష చేసుకోవద్దు. నిద్ర, ఆకలి రెండు వారాలు దాటి చెడితే మాత్రం కెమెరాతో సరిపెట్టకండి. ఇంట్లో చెప్పండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు.

ఒక్కరోజు మీ కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి. శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద ఉంటాయి కాబట్టి ఎంత దూరం ఉండమంటే అంత దూరంలోనే ఉండండి. డ్రోన్ ఊసే వద్దు.

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా పొలంలో తీతువు గుడ్లు కనిపించాయి. దగ్గర నుంచి తీయవచ్చా?

జవాబు: వద్దు. అది నేల మీదే గుడ్లు పెట్టి, ఎండలో వాటికి నీడ పడుతుంది, తడిసిన పొట్ట ఈకలతో చల్లబరుస్తుంది. మీరు పక్కన నిలబడినంతసేపూ తల్లి అరుస్తూ గాల్లో తిరుగుతుంది, గుడ్లు మాడతాయి. మీరెక్కడ వంగారో కాకులు కూడా చూస్తాయి. అది అరవడం మొదలెట్టిందంటే ఇప్పటికే దగ్గరికొచ్చేశారని అర్థం. అది నిమ్మళించి మళ్లీ గుడ్ల మీద కూర్చునేదాకా వెనక్కి నడవండి. అక్కడి నుంచి వచ్చిన ఫొటోయే తీసుకోండి.

ప్రశ్న: సెలవులయ్యాక కెమెరాను హాస్టల్ పెట్టెలో దాస్తే లెన్సులో బూజు పట్టింది. ఏం చేయాలి?

జవాబు: చీకటి, తేమ, గాలాడని సంచి, ఈ మూడూ కలిస్తే బూజే. లోపలి గాజుకు పట్టినదాన్ని మీరు విప్పకండి, మెకానిక్‌కి ఇవ్వండి. ఇకపై బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గింజలు వంద గ్రాములు వేసి ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమతో నిండినట్టు. కొత్తవి మార్చండి. వారానికోసారి లెన్సును బయటికి తీసి పది ఫొటోలైనా తీయండి.