రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కడం కార్పల్ టన్నెల్ సిండ్రోమేనా?

అర్ధరాత్రి వేళ్లు మొద్దుబారి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది, ఇది మణికట్టులో నరం నలిగే ఆ జబ్బేనా అని అడిగారు. అయ్యే అవకాశం ఎక్కువే. ముందు చిటికెన వేలిని గమనించండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, చిటికెన వేలు మాత్రం మామూలుగా ఉంటే అనుమానం బలపడుతుంది. దానికి వెళ్లే నరం వేరు.

మణికట్టు ఎముకలకూ, వాటి మీద అడ్డంగా ఉండే గట్టి లిగమెంటుకూ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) మధ్య ఇరుకైన దారి ఉంటుంది, అదే కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), పైన చెప్పిన వేళ్లకు వెళ్లే మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. కాస్త వాపు వచ్చినా నలిగేది నరమే. నిద్రలో తెలియకుండానే మణికట్టు మడుస్తాం కాబట్టి రాత్రిళ్లు బాధ ఎక్కువ. అందరూ కీబోర్డును తిడతారు గానీ షుగర్, థైరాయిడ్ సరిగా పనిచేయకపోవడం, గర్భం, కీళ్లవాతం కూడా కారణాలే. షుగర్, థైరాయిడ్ పరీక్షలు ఓసారి చేయించుకోండి.

మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ (ఆసరా పట్టీ) కొన్ని వారాలు రాత్రిపూట పెట్టుకోండి, మరీ బిగించొద్దు. నొప్పి మాత్రలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, చాలామందికి అది తాత్కాలిక ఉపశమనమే. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి కింది కండ పలచబడినా మాత్రం ఆలస్యం చేయొద్దు. నరంలో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేసి, అవసరమైతే ఆ లిగమెంటును కోసి నరానికి చోటిస్తారు. చిన్న ఆపరేషనే, టెన్షన్ పడక్కర్లేదు; సాధారణంగా చేతివరకే మత్తిస్తారు.