సముద్రం లేని ఊళ్లో చేపల చదువా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఓపెన్ డేకి వెళ్లొచ్చినప్పటి నుంచి నీట్ వద్దంటోంది. సముద్రపు చేపల జన్యువులు చూసి ఏది ఏ జాతో, ఏ ఉపజాతో తేల్చే పరిశోధన చేస్తుందట. అది కూడా ఒక ఉద్యోగమేనా? వాళ్ల నాన్న "హైదరాబాద్‌లో సముద్రమేదీ?" అంటున్నారు.
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సముద్రం లేదు గానీ, సముద్రం పని చూసే ఆఫీసులు మన ఊళ్లోనే ఉన్నాయమ్మా. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో ఉంది. రాజేంద్రనగర్ వైపు వెళ్తే చేప ఆకారంలో కట్టిన భవనం కనిపిస్తుంది, అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలిది. పైగా ఈ పనికి రోజూ సముద్రం అక్కర్లేదు. రేవులో చేప రెక్క ముక్క కోసి ఆల్కహాల్‌లో వేసి పంపితే, డీఎన్‌ఏ ఇక్కడే తీయొచ్చు.

అసలు కష్టం ఆ తర్వాతే. పులస తినే గోదావరి వాళ్లు ఒప్పుకోరు గానీ, ఏటికి ఎదురీదే పులస, సముద్రంలో పట్టే విలస ఒకే జాతి. పేర్లు రెండైనంత మాత్రాన జాతులు రెండు కావు. ఒకేలా కనిపించే చేపల్లో వేర్వేరు గుంపులు ఉండనూవచ్చు. పిల్లచేపలు ప్రవాహాల్లో దూరదూరాలకు కొట్టుకుపోతాయి కాబట్టి సముద్రపు చేపల గుంపుల మధ్య జన్యు తేడాలు చాలాసార్లు సన్నగా ఉంటాయి. ఆ సన్నటి తేడా నిజమా, కాకతాళీయమా అన్నది లెక్కలే తేల్చాలి. తేలినా అది ఉపజాతి అయిపోదు. ఆకారం, గుడ్లు పెట్టే చోటు, కాలం కూడా చూడాలి.

పసిఫిక్ బ్లూఫిన్ ట్యూనా సంగతే చూడండి. చాలాకాలం దాన్ని అట్లాంటిక్ బ్లూఫిన్‌కు ఉపజాతిగా రాశారు, ఇప్పుడు వేరే జాతి. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కటే చూస్తే అది ఆల్బకోర్ అనే ఇంకో ట్యూనాకు దగ్గరగా కనిపిస్తుంది. కేంద్రకంలోని డీఎన్‌ఏ చూస్తే అట్లాంటిక్ బ్లూఫినే దగ్గర చుట్టం. ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్తే ఎలా? రెండు గుంపుల్ని ఒకటే అనుకుని వేటాడితే చిన్న గుంపు చడీచప్పుడు లేకుండా తరిగిపోతుంది. అందుకే మత్స్యశాఖలకు ఈ పరీక్షలు కావాలి.

దారులు రెండు. ఒకటి ఎప్‌సెట్ రాసి నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ. మనకు పెబ్బేరులో, ఆంధ్రలో ముత్తుకూరులో కాలేజీలున్నాయి. తర్వాత అందులోనే పీజీ, ఎంఎఫ్‌ఎస్సీ, ఆపైన కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ లాంటివి. రెండోది బీఎస్సీ, హెచ్‌సీయూ లాంటి చోట ఎమ్మెస్సీ, పరిశోధనకు అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్, పీహెచ్‌డీ. మీ అమ్మాయికి నచ్చింది జన్యువులే అయితే నా ఓటు రెండోదానికి. ఒక చిక్కు మాత్రం చెప్పాలి: బీఎఫ్‌ఎస్సీ లేనివాళ్లకు ఎంఎఫ్‌ఎస్సీలో చేరడం కష్టం. ఆ తలుపు తెరిచి ఉంచాలనుకుంటే ఇప్పుడే తేల్చుకోండి.

బైపీసీ పిల్లలు లెక్కల్ని ఇంటర్‌లోనే వదిలించుకున్నామని సంబరపడతారు. ఇక్కడ అది చెల్లదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉండేలా చూడండి, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టించండి.

డబ్బు మాట: నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, అద్దెభత్యం అదనం. పీహెచ్‌డీ అయ్యేసరికి వయసు ముప్పైకి దగ్గరపడుతుంది, పర్మనెంట్ పోస్టులు కొద్ది. ఇంట్లో ఆ ఓపిక ఉందా అన్నది మీరూ ఆయనా కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

వాళ్ల నాన్నగారికి ఒక మాట. కనగుర్త చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. పాట్రిక్ రస్సెల్ అనే దొర 1803లో విశాఖ చేపల మీద వేసిన పుస్తకం నుంచి మన తెలుగు పేరే అందులోకి ఎక్కింది. ఈ ఆదివారం ఆయన్నే అమ్మాయిని రాంనగర్ చేపల మార్కెట్‌కు తీసుకెళ్లి నాలుగు కనగుర్తలు కొనమనండి. అమ్మాయి వాటిని కోసి, మొప్పలు, రెక్కలు చూసి బొమ్మ గీయాలి. పది నిమిషాల్లో వాసన భరించలేక లేచిపోతే బీఎఫ్‌ఎస్సీ సంగతి వదిలేయండి. పులుసు చల్లారుతున్నా బొమ్మ దగ్గర్నుంచి కదలకపోతే నాకు మళ్లీ రాయండి.