కాజీపేట నుంచి హనుమకొండకి రోజూ సైకిల్ మీద వెళ్ళొచ్చా? సైకిల్ వాళ్ళు రోడ్డు మధ్యకి ఎందుకు వస్తారు?

మీరు రెండు అడిగారు. ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తే కార్ల వాళ్ళు బతకనిస్తారా అనేది ఒకటి. కారు నడిపేటప్పుడు మీకే చిరాకు తెప్పించే సైకిల్ వాళ్ళు ఎడమ అంచున పోకుండా మధ్యకి ఎందుకొస్తారనేది రెండోది. నేను ఇదే దారిలో కొన్ని రోజులు సైకిల్ మీద, కొన్ని రోజులు కారులో పోతాను. ముందు రెండోదే చెప్తా.

కారులోంచి చూస్తే రోడ్డు అంచు ఖాళీగా కనిపిస్తుంది. సైకిల్ మీద పోతే అక్కడ ఇసుక, కంకర, రోడ్డుకి సమంగా లేని డ్రైనేజీ మూతలు ఉంటాయి. నక్కలగుట్ట వైపు అయితే ఆపిన కార్ల వరస. ఏ కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. నా ముందు పోతున్న పాలాయన ఒకరు అలాగే తలుపు తగిలి క్యాన్లతో సహా రోడ్డు మీద పడ్డారు. ఆ క్షణంలో వెనక బస్సు రాలేదు కాబట్టి మోచేతి దెబ్బతో బయటపడ్డారు. అందుకే ఆపిన కార్ల పక్కన పోయేటప్పుడు ఒక మీటరు వదిలి పోతాను. కారులో ఉన్నవాళ్ళకి అదే ‘మధ్యలో పోతున్నాడు’ అన్నట్టు కనిపిస్తుంది. వానాకాలంలో నీళ్ళు నిలిస్తే గుంత ఎక్కడుందో తెలియక ఇంకా లోపలికి రావాల్సి వస్తుంది.

ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు చూడండి. వెనక బరువున్న మనిషి పెడల్ మీద లేచి తొక్కుతుంటే సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా అక్కడే వెనక నుంచి హారన్ కొట్టి, కట్ కొట్టి ముందుకి పోతారు. లెక్క వేసి చూస్తే, గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 100 మీటర్లు దాటడానికి 9 సెకన్లు పడుతుంది. 15 వేగంతో పోయే సైకిల్ వెనకే ఓపిక పడితే 24 సెకన్లు. తేడా 15 సెకన్లు. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళో సైకిల్‌ని దాటాలంటే కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలని నియమం ఉంది. మన రోడ్ల మీద అంత చోటెక్కడిది అంటారు. చోటు లేనప్పుడు దాటకుండా కాసేపు ఆగడమే కదా చేయాల్సింది!

‘రోడ్ ట్యాక్స్ మేం కడుతున్నాం’ అనే మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. మన ఊళ్ళో పొద్దున్నే సైకిల్ మీద కనిపించేది ఎవరు? లేబర్ అడ్డాకి పోయే మేస్త్రీలు, పేపర్ వేసే పిల్లలు, డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు. హెల్మెట్ పెట్టుకుని వ్యాయామానికి వచ్చే మాలాంటి వాళ్ళు వాళ్ళలో కొద్దిమందే. సైకిల్ కొన్నప్పుడు వాళ్ళూ పన్ను కట్టారు, రోజూ కొనే చాలా సరుకుల మీదా కడుతున్నారు. ఆ రోడ్డు వాళ్ళది కూడా.

సైకిల్ వాళ్ళ తప్పులు లేవని కాదు. యూటర్న్ దూరమని డివైడర్ పక్కన రాంగ్ రూట్‌లో ఎదురు రావడం, చీకట్లో లైట్ లేకుండా పోవడం, చెయ్యి చూపించకుండా కుడికి తిరగడం చాలా ప్రమాదం. ఇంకొకటి చాలామందికి తెలియదు. ములుగు రోడ్డులో చాయ్ దగ్గర ఒక ఇసుక లారీ డ్రైవర్ నాతో అన్నాడు: “తమ్మీ, నా ఎడమ పక్క ముందు టైరు దగ్గర నువ్వుంటే నాకు కానరావు. క్లీనర్ లేని రోజైతే ఇగ అంతే.” సిగ్నల్ దగ్గర లారీకి, ఫుట్‌పాత్‌కి మధ్య సందులోకి అస్సలు దూరకండి. వెనకే ఆగండి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో కూడా తెలుసుకోండి. మా ఇంటి పని చేసిన మేస్త్రీని కారు గుద్దినప్పుడు, ‘సైకిల్‌కి ఇన్సూరెన్స్ ఉండదు, ఏమీ రాదు’ అని అందరూ చెప్పారు. అది తప్పు. కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, సైకిల్ మనిషికి పరిహారం రావాల్సింది అందులోంచే. చట్టం ప్రకారం క్లెయిమ్ వేయడానికి ఆరు నెలల గడువు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా, 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50 వేలు ఇచ్చే పథకం ఉంది. దేనికైనా పోలీసు కేసు కాగితం కావాలి కాబట్టి అక్కడికక్కడే రాజీకి ఒప్పుకోవద్దు. దెబ్బ తగిలిన వాళ్ళని ఆసుపత్రికి చేర్చిన మనిషిని కేసులో ఇరికించకూడదని కూడా చట్టంలోనే ఉంది, భయపడకుండా సాయం చేయండి.

ఇక మీ మొదటి ప్రశ్న. వెళ్ళొచ్చు. ముందు ఒక ఆదివారం పొద్దున్నే మొత్తం దారి తొక్కి, మూతలు, గుంతలు ఎక్కడున్నాయో చూసుకోండి. వెనక ఎర్ర లైట్, చిన్న అద్దం పెట్టించండి. ఆఫీసు టైమ్‌కి అరగంట ముందు బయల్దేరితే రద్దీ బాగా తక్కువ. బ్రిడ్జి మీద వెనక బండ్లు ఒత్తిడి చేస్తే దిగి నడిపించుకుంటూ పోండి, నేనూ కొన్నిసార్లు అదే చేస్తాను.