పికప్ ట్రక్కు అసలు మైలేజీ ఎంత? బంకు రసీదులతో లెక్క కట్టే పద్ధతి

సందేహం: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. ఈమధ్యే డల్లాస్ వైపు వచ్చి, వాడిన ఫుల్‌సైజు పికప్ ట్రక్కు కొన్నాను. దాని కాగితం మీద కంబైన్డ్ మైలేజీ 20 అని ఉంది. డాష్‌బోర్డు 18.9 చూపిస్తోంది. బంకు రసీదు చూసి లెక్క కడితే 16 కూడా రావట్లేదు. దేన్ని నమ్మాలి? బండిలో ఏమైనా లోపం ఉందంటారా?

జవాబు: మీరు చెప్పిన మూడు అంకెలూ మూడు వేరే కొలతలండి. లోపం సంగతి తర్వాత, ముందు మీ చేతిలెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి. పెద్ద ట్యాంకున్న బండికి ఒక్క రసీదు పట్టుకుని మైలేజీ తీస్తే గ్యాలనుకి రెండు మైళ్లు అటో ఇటో తేలిగ్గా తప్పుతుంది.

కాగితం మీది 20 అనేది ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) అంకె, గ్యాలనుకి 20 మైళ్లని. బండిని రోలర్ల మీద పెట్టి నడిపి, సిటీకి 55 శాతం, హైవేకి 45 శాతం వాటా ఇచ్చి కలుపుతారు. మూల హైవే పరీక్షలో సగటు వేగం గంటకి 48 మైళ్లు, ఎంత పోయినా 60 దాటదు. 2008 మోడళ్ల నుంచి 80 దాకా వెళ్లే పరీక్ష, 95 డిగ్రీల వేడిలో ఏసీ పరీక్ష, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో పరీక్ష కూడా కలిపారు గనుక ఆ అంకె పూర్వంకంటే నిజానికి దగ్గరపడింది. అయినా టెక్సాస్ రోడ్ల మీద 75లో గంటల తరబడి పోయేవాళ్లకి అది వర్తించదు. రెండు బళ్లలో ఏది కొనాలో పోల్చుకోవడానికి అది చాలా మంచి అంకె, మీ ఖర్చు చెప్పడానికి మాత్రం పనికిరాదు. ఎఫ్-250, రామ్ 2500 లాంటి హెవీడ్యూటీ బళ్లకైతే ఆ కాగితం మీద మైలేజీయే వెయ్యరు. వాటికి చేతిలెక్కే దిక్కు.

మన వైపు మోటారుసైకిలు మైలేజీ ఎలా చూస్తామో మీకు తెలుసు. రిజర్వులో పడేదాకా నడిపి, లీటరు కొట్టించి, మళ్లీ రిజర్వులో పడేసరికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం. ట్రక్కుకి రిజర్వు కుళాయి లేదు. ముల్లు అడుగంటేదాకా నడపడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ట్యాంకులో ఉండే పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. అందుకని ఇక్కడ కొలత నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకి.

‘నిండు’ అన్నదగ్గరే చాలామంది లెక్క చెడుతోంది. నాజిల్ కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, దాన్లోంచి గాలి లాగుతూ ఉంటుంది. పెట్రోలో నురగో వచ్చి ఆ రంధ్రాన్ని మూసేస్తే లోపల పొర కదిలి, టక్కుమని ధార ఆగిపోతుంది. అంటే అది ట్యాంకు నిండిందని చూసి ఆగేది కాదు, గొట్టం మూతిలో ద్రవం పైకొచ్చిందని ఆగేది. ధార జోరుగా ఉంటే నురగ లేచి ముందే ఆగుతుంది. నాజిల్ ఒక కోణంలో పెడితే ఒకలా, మరో కోణంలో పెడితే మరోలా ఆగుతుంది. పికప్ ట్యాంకులు చాసిస్ పక్కన పొడుగ్గా ఉంటాయి కాబట్టి బండి ఒక పక్కకి ఒరిగి ఉంటే పైమూల గాలి చిక్కుకుపోతుంది. ఇవన్నీ కలిసి ఒకసారికీ ఇంకోసారికీ అర గ్యాలను తేడా రావడం మామూలే.

కాబట్టి వీలైనంతవరకు ఒకే బంకు, ఒకే పంపు, బండి ముఖం ఒకే వైపు. నాజిల్ చివరిదాకా దోపండి, పట్టీ బిగించి తక్కువ జోరులో పెట్టండి, మొదటి టక్కుకే ఆపేయండి. న్యూజెర్సీలో పెట్రోలు మనం పోసుకోకూడదు, అక్కడ పోసేవాళ్లతో మొదటి టక్కుకే ఆపమని ముందే చెప్పండి. ఊళ్లో బండిని అటూ ఇటూ ఊపి ఇంకో పావులీటరు పట్టించే అలవాటుంటే ఇక్కడ మానెయ్యండి. ట్యాంకులోంచి వచ్చే ఆవిరిని పీల్చి దాచేందుకు బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. కుక్కి కుక్కి పోస్తే పెట్రోలే దాంట్లోకి పోతుంది. అప్పుడు పోయించిన వెంటనే బండి స్టార్టవడానికి మొరాయిస్తుంది, చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది, మార్పించాలంటే డబ్బు బాగానే వదులుతుంది. అన్నట్టు, నాజిల్ రంగు చూసి పెట్రోలో డీజిలో అనుకోకండి. ఇక్కడ అన్ని బంకులకీ ఒకే రంగు పద్ధతి లేదు, మీద రాసింది చదివి పెట్టండి.

ఇప్పుడు లెక్క. మొదటిసారి ట్యాంకు నింపినప్పుడు ఓడోమీటరు అంకె మాత్రం రాసుకోండి. ఆ రోజు పోసిన గ్యాలన్లు లెక్కలోకి రావు, అవి అంతకుముందు తిరిగిన మైళ్లవి. ఆ తర్వాత పోసిన ప్రతి చుక్కా రాయాలి, రసీదు మీద మూడు దశాంశాల దాకా ఉంటుంది. ఉదాహరణకి మొదటిరోజు ఓడోమీటరు 61,240 అనుకోండి. తర్వాత వరసగా 19.812, 21.346, 8.407, 20.955, 22.108 గ్యాలన్లు పోశారు. మొత్తం 92.628. చివరిసారి నింపినప్పుడు ఓడోమీటరు 62,838. తిరిగింది 1,598 మైళ్లు. భాగిస్తే 17.25. మధ్యలో 8.407 సగంలో ఆపినా ఫర్వాలేదు. మొదటిదీ చివరిదీ నిండు ట్యాంకులైతే చాలు.

ఇన్ని ట్యాంకులు కలపడం ఎందుకో చూడండి. ఐదు గ్యాలన్లే పోసినప్పుడు అర గ్యాలను తేడా పడితే లెక్క పది శాతం తప్పుతుంది. ఇరవై పోస్తే రెండున్నర శాతం. వంద గ్యాలన్లకి అర శాతం మాత్రమే, ఎందుకంటే మధ్యలో ఒకసారి తక్కువ పడితే తర్వాతిసారి అదే ఎక్కువ పడి సర్దుకుంటుంది, మిగిలేది రెండు చివర్ల తేడాయే. మీకు 16 లోపు వచ్చింది ఒక్క రసీదు మీదనైతే దాన్ని పక్కన పెట్టి, ఐదారు ట్యాంకులు తిరగనివ్వండి.

ఒక్కో ట్యాంకుకి మైలేజీ తీసి వాటి సగటు కట్టే పొరపాటు ఇంజినీర్లు కూడా చేస్తుంటారు. 120 మైళ్లకి 5 గ్యాలన్లు అంటే 24. 360 మైళ్లకి 24 గ్యాలన్లు అంటే 15. సగటు కడితే 19.5 వస్తుంది. అసలు సంగతి 480 మైళ్లకి 29 గ్యాలన్లు, అంటే 16.55. మైళ్లన్నీ కలపాలి, గ్యాలన్లన్నీ కలపాలి, చివర్లో ఒక్కసారే భాగించాలి.

‘లీటరుకెంతిస్తోందిరా’ అని నాన్నగారు ఫోన్లో అడిగితే, వచ్చిన అంకెని 0.425తో గుణించి చెప్పండి. 17.25 అంటే లీటరుకి 7.3 కిలోమీటర్లు. ఆకివీడులో చేపల ట్రేలు మోసే బొలేరోతో పోల్చి ఆయన బాధపడతారు గానీ, ఈ బండి బరువుకీ ఇంజినుకీ ఇది మామూలు అంకే. కెనడాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. అక్కడ పాతతరం వాళ్లు చెప్పే గ్యాలను 4.546 లీటర్లది, అమెరికా గ్యాలను 3.785 లీటర్లే. వాళ్ల 20 మన లెక్కలో 16.65 మాత్రమే.

గ్యాలన్ల సంగతి తేలింది, ఇక మైళ్లు. ఓడోమీటరు చక్రం తిరుగుళ్లని లెక్కపెడుతుంది, అంతే. వాడిన పికప్ కొన్నారు కాబట్టి ముందు టైరు పక్కన రాసిన సైజునీ, డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరులో ఉన్న సైజునీ పోల్చండి. పాత యజమాని పెద్ద టైర్లు వేయించి, కంప్యూటర్లో సైజు మార్పించకుండా వదిలేసిన బళ్లు చాలా ఉంటాయి. 275/65ఆర్18 టైరు ఎత్తు సుమారు 32.1 అంగుళాలు. దాని బదులు 35 అంగుళాల టైరుంటే 400 మైళ్లు చూపించినప్పుడు నిజంగా తిరిగింది 430 పైనే. 25 గ్యాలన్లు తాగితే మీ లెక్కలో 16, అసలు 17 పైచిలుకు. అరిగిపోయిన టైర్లయితే దీనికి ఉల్టా, ఒకటిన్నర శాతం దాకా ఓడోమీటరే ఎక్కువ చూపిస్తుంది.

దీన్ని తేల్చడానికి ఇంటర్‌స్టేట్ పక్కన మైలురాళ్ల బోర్డులున్నాయి. ఒక బోర్డు దగ్గర ట్రిప్ మీటరు పక్కన కూర్చున్నవాళ్ల చేత సున్నా చేయించి, ఇరవయ్యో బోర్డు దాటేటప్పుడు ఎంత చూపిస్తోందో రాయించండి. 19.6 చూపిస్తే మీ మైళ్లన్నిటినీ 1.02తో గుణించాలి. రెండు మూడు మైళ్లకే తేల్చేయకండి, ఒక్కో బోర్డు కాస్త ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. ఫోన్లో జీపీఎస్ దూరం కూడా ఇందుకు సరిపోతుంది.

డాష్‌బోర్డు అంకె పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటరు వేసిన అంచనా. అది వాడేదీ అదే ఓడోమీటరు, కాబట్టి మీ చేతిలెక్కకీ దానికీ తేడా ఉంటే అది గ్యాలన్ల దగ్గరే. చాలా బళ్లు కాస్త ఎక్కువే చూపిస్తాయి. అదే ఐదు ట్యాంకులకి డాష్ సగటుని కూడా మొదట్లో ఒక్కసారి సున్నా చేసి వదిలేయండి. చివరికి అది 18.3, మీ లెక్క 17.25 అయితే గుణకం 0.94. ఆ తర్వాత ఎప్పుడు డాష్ చూసినా 0.94తో గుణిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది.

ఇంత చేశాక వచ్చిన అంకె కాగితం కంటే తక్కువుంటే ముందు మీరు బండి నడిపే తీరు చూడండి. అన్నిటికంటే పెద్దది వేగం. 60 నుంచి 75కి పెంచితే గాలి ఎదురుతోపు 56 శాతం పెరుగుతుంది, పికప్ ముఖం గోడలా ఉంటుంది కనక దెబ్బ ఇంకా గట్టిగా తెలుస్తుంది. వెనక డాలా (తొట్టి తలుపు) దింపి నడిపితే గాలి పోతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. డాలా వేసి ఉన్నప్పుడు తొట్టిలో గాలి సుడిగా నిలిచి, పైగాలిని దాని మీదుగా జారనిస్తుంది. రెండోది బండి ఆపి ఇంజిన్ తిరగనివ్వడం. ఎండాకాలం స్కూలు ముందు ఏసీ వేసుకుని కూర్చుంటే గంటకి పావు నుంచి అర గ్యాలను పోతుంది, మైలు కూడా కదలదు. చాలా పికప్పుల డాష్‌లో ఇంజిన్ గంటల మీటరుంటుంది. దాన్ని కూడా మొదట్లో, చివర్లో రాసుకోండి. మైళ్లని గంటలతో భాగించగా ఇరవై దగ్గర వస్తే మీది పూర్తిగా సిటీ వాడకం, కాగితం మీది కంబైన్డ్ అంకెతో పోల్చకూడదు.

చలికాలంలో 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర సిటీ మైలేజీ 77 డిగ్రీలతో పోలిస్తే 15 శాతం దాకా పడిపోతుంది. మూడు నాలుగు మైళ్ల పొట్టి ప్రయాణాలకైతే 24 శాతం దాకా. అందుకని జనవరి లెక్కని జూలై లెక్కతో కలపకుండా విడిగా ఉంచండి. ట్రెయిలరు లాగిన ట్యాంకులకి వేరే పేజీ పెట్టండి, పెద్ద క్యాంపర్ ట్రెయిలరు కడితే మైలేజీ సగానికి దిగడం మామూలు విషయం. పసుపు మూతున్న ఫ్లెక్స్ ఫ్యూయల్ బండిలో ఇథనాలు ఎక్కువగా కలిసిన ఇ85 పోస్తే గ్యాలనుకి 15 నుంచి 27 శాతం తక్కువ మైళ్లొస్తాయి, అది చౌకగా కనిపించినా ఆ మేరకు చౌకగా ఉందో లేదో చూసుకోవాలి. కొలిచినంతకాలం మామూలు 87 ఆక్టేన్ పెట్రోలు ఒక్కటే పోయండి, మీ బండి పుస్తకంలో ప్రీమియం అని ఉంటే తప్ప.

మైలేజీ పెంచుతామని స్టీరింగు కింద స్కానరు పోర్టులో గుచ్చే బిళ్లలూ, ట్యాంకులో పోసే సీసాలూ కొనకండి. ఎయిర్ ఫిల్టరు మారిస్తే లాగుడు బాగుపడొచ్చు గానీ ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో మైలేజీ పెరగదు. తేడా చూపించేది టైర్లలో గాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, తలుపు స్టిక్కరు మీదున్నంత పట్టండి. పాత యజమాని లోడు మోసే ఎల్‌టీ టైర్లు వేయించి ఉంటే స్టిక్కరు అంకె వాటికి చాలదు, టైరు షాపులో ఆ టైరుకి ఎంత పట్టాలో అడగండి. ఆ బరువైన టైర్లు మైలేజీని కొంత తింటాయి కూడా.

ఈపీఏ హైవే అంకెని అందుకోమని బండిని నిలదీయక్కర్లేదు. కానీ మీ సొంత లెక్క స్థిరంగా ఉండి, వాతావరణం, దారి, బరువు ఏమీ మారకుండా పది పదిహేను శాతం పడిపోయి అక్కడే ఉంటే అప్పుడు లోపం వెతకాలి. బ్రేకు పెద్దగా తొక్కకుండా హైవే మీద కొంతదూరం వచ్చి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే దాని బ్రేకు పట్టేసింది. ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ ఉండే చోటికి రాకుండా కిందే తచ్చాడితే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, ఇంజిన్ చల్లగానే ఉందనుకుని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తోంది. స్టీరింగు కింద పోర్టుకి స్కానరు పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలుని ఎంత శాతం పెంచో తగ్గించో సర్దుతోందో చెప్పే అంకె) చూడమనండి. అది పది శాతం దాటి అటో ఇటో ఉంటే గాలి లీకో, ఆక్సిజన్ సెన్సరో, ఇంజెక్టరో చూడాల్సిందే. షాపుకి వెళ్లేటప్పుడు పుస్తకం పట్టుకెళ్లండి. ‘మైలేజీ రావట్లేదు’ అంటే అందరూ చెప్పే మాటే అని ఊరుకుంటారు. ‘ఫలానా తేదీ దాకా 17 పైన ఉంది, టైర్లు మార్చాక మూడు ట్యాంకుల నుంచి 15 దాటట్లేదు’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకి తెలుస్తుంది.