వంట మొదలుపెట్టకముందే మిగులు లెక్కేసి అప్పు చేస్తారా?

ప్రశ్న: నా వయసు 26. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. బీటెక్ అంతా హాస్టల్ మెస్‌లో, ఆ తర్వాత పేయింగ్ గెస్ట్ (పీజీ) హాస్టల్‌లో తిన్నాను. ఏడాదిగా ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి కొండాపూర్‌లో ఫ్లాట్‌లో ఉంటున్నాను. నా వాటా అద్దె 9,500. ఇంటికి 10,000 పంపుతాను. తిండికి, అందులోనూ ఎక్కువగా ఆన్‌లైన్ ఆర్డర్లకే, 17,000 అవుతోంది. పెట్రోలు, ఫోను వగైరా 5,500. క్రెడిట్ కార్డు బాకీ 92,000 ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) 4,600 కడుతున్నాను. పొదుపు లేదు. ఇకపై ఇంట్లోనే వండుకుందామనుకుంటున్నాను, నెలకు 12,000 మిగులుతుందని అంచనా. ఒక యాప్ 1,50,000 పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. దాంతో కార్డు కట్టేసి, ఫ్రిజ్, మిక్సీ, ఎయిర్ ఫ్రైయర్ కొనుక్కుని, ఈఎంఐ పోగా మిగిలిన దాంతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టవచ్చా?

జవాబు: ఆ లోన్ తీసుకోవద్దు. వండుకోవాలనుకోవడం మంచిదే. కానీ వంట వల్ల మిగలబోయే 12,000 మీద ఈఎంఐ, సిప్ రెండూ ఇప్పుడే ఎక్కించేశారు. ఆ డబ్బు ఇంకా ఒక్క నెల కూడా మీ ఖాతాలో కనపడలేదు. మీ వయసు ఉద్యోగుల్లో ఈ పొరపాటు తరచూ చూస్తున్నాను, అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను.

పీజీలో ఉన్నంతకాలం తిండి ఖర్చు అద్దెలోనే కలిసిపోతుంది. ఎంత తింటున్నామో, దానికి ఎంత ఇస్తున్నామో విడిగా తెలియదు. ఫ్లాట్‌కి మారగానే అద్దె తగ్గిందని సంతోషిస్తారు. మొదటి నెల అందరూ కలిసి వండుతారు, గిన్నెలు ఎవరు తోమాలనే దగ్గర గొడవ వస్తుంది, ఒకరికి నైట్ షిఫ్ట్ పడుతుంది, ఇంకేముంది, అందరూ ఫోన్ తీస్తారు. అలా మొదలైన ఆర్డర్లు నెలకు 17,000 దాకా వచ్చాయి. ఇరవైల్లో తిండి అలవాటు రెండు మూడేళ్లకోసారి పూర్తిగా మారిపోతుంది: మెస్, పీజీ, ఫ్రెండ్స్, పెళ్లి, పిల్లలు. ప్రతి మార్పుతో ఖర్చూ మారుతుంది. ఇలా మారే అలవాటును నమ్ముకుని ఏళ్ల తరబడి కట్టాల్సిన ఈఎంఐ నెత్తిన పెట్టుకోకూడదు. వంట మానేసిన నెలలోనూ ఈఎంఐ కట్టాల్సిందే.

పైగా కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లకు మొదటి నెలల్లో అనుకున్నంత మిగలదు. తెచ్చిన కూరగాయలు కొన్ని కుళ్లిపోతాయి, అలసిపోయిన రోజు మళ్లీ బిర్యానీ ఆర్డర్ పెడతారు. అందుకే మీ 12,000 లో నేను 3,500 మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను. అంతకన్నా మిగిలితే మంచిదే.

ఇక కార్డు సంగతి. నెలకు మూడున్నర శాతం చొప్పున చూస్తే 92,000 మీద వడ్డీ 3,220. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 3,800. అంటే మీరు కట్టే 4,600 లో అసలుకు పోయేది 800. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకే ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. రాత్రి తిన్న నూడుల్స్‌కి ఏడాదికి నలభై శాతం పైన వడ్డీ కడుతున్నారని మీకెవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. ఇవాళే ఆ కార్డు వాడకం ఆపేయండి.

అయితే చేతిలో ఉన్నదంతా మొదటి రోజే కార్డులో వేయమని చెప్పను. మీకు ఎమర్జెన్సీ ఫండ్ లేదు. నాన్నగారికి ఒంట్లో బాగోకపోయినా, బైక్ రిపేరుకొచ్చినా మీ దగ్గర ఉన్న దారి మళ్లీ అదే కార్డు. బాకీ తీర్చి, మళ్లీ గీకి, మళ్లీ తీర్చే చక్రంలో పడిపోయినవాళ్లకు దాదాపు అందరికీ కారణం ఇదే. మీరు రాసిన ఖర్చులన్నీ కలిపితే 46,600. మిగిలే 11,400 ఎటు పోతోందో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ఆ డబ్బుకి వంట వల్ల వచ్చే 3,500 కలిపితే దాదాపు 15,000. మొదటి రెండు నెలలు మినిమమ్ డ్యూ కడుతూనే ఆ 15,000 చొప్పున వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు. 30,000 చేరాక ఆ 15,000, ఈ 4,600 కలిపి నెలకు సుమారు 19,500 చొప్పున కార్డుకు కట్టండి. కొత్తగా ఏమీ గీకకపోతే, అలా కట్టడం మొదలుపెట్టిన ఆరో నెలలో బాకీ తీరిపోతుంది. అప్పటి నుంచి ఆ 19,500 మళ్లీ ఎమర్జెన్సీ ఖాతాకే.

ఎంత వరకు? ఆరు నెలల ఖర్చు. ఇక్కడ చాలామంది తిండిని ఇంటి వంట రేటుతో వేసి మొత్తం తగ్గించుకుంటారు, అలా చేయకండి. ఆసుపత్రి దగ్గర కాపలా ఉన్న రోజుల్లో, ఉద్యోగం పోయి ఇంటర్వ్యూలకు తిరిగే రోజుల్లో ఎవరూ పప్పు ఉడకబెట్టుకుని కూర్చోరు, బయటే తింటారు. కాబట్టి 17,000 గానే లెక్కేయండి. అద్దె, ఇంటికి పంపేది, పెట్రోలు వగైరా కలిపితే నెలకు 42,000, ఆరు నెలలకు 2,52,000. మీకిది పెద్ద అంకెలా కనిపించవచ్చు. కార్డు తీరాక దాదాపు ఏడాదిలో అక్కడికి చేరతారు. అప్పటిదాకా సిప్ ఊసు వద్దు.

వంటకి సామాను అక్కర్లేదని కాదు. రైస్ కుక్కర్, ఒక మూకుడు, ఒక ఇండక్షన్ స్టవ్ చాలు, అవి కూడా జీతం డబ్బుతోనే కొనండి. అన్నం ఇంట్లో వండుకుని కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి, పెరుగు, కోడిగుడ్లు, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ ఉండనే ఉంటాయి. ఇలా మూడు నెలలు నిలబడితే పప్పు, వేపుడు నేర్చుకోండి. ఫ్రిజ్ అప్పుడు చూద్దాం. ఎయిర్ ఫ్రైయర్ మాట మర్చిపోండి.

కార్డు బాకీని అదే బ్యాంకులో తక్కువ వడ్డీ ఈఎంఐకి మార్చే వీలుంటే అడగండి, కానీ బాకీ వరకే, ఒక్క రూపాయి ఎక్కువ వద్దు. అమ్మానాన్నలకు మీ కంపెనీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే, ఉద్యోగం పోయిన రోజు అదీ పోతుంది, వాళ్లకు విడిగా పాలసీ తీసుకునే ఆలోచన చేయండి. ఇంట్లో బంగారం మాత్రం కుదువ పెట్టకండి.

ఈ వారమే రెండు పనులు చేయండి. జీతం పడిన మర్నాడే 15,000 కొత్త ఖాతాకు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టుకోండి. డెలివరీ యాప్‌లో సేవ్ చేసిన కార్డును తీసేయండి.