లిటరరీ ఏజెన్సీ కొత్త రచయితల్ని తీసుకుంటామంటోంది, నా నవల పంపొచ్చా?

జనగామ దగ్గర ఉంటామని, మొదటి నవల పూర్తయిందని రాశారు కాబట్టి, హన్మకొండలో ఉండే నేను నా అనుభవమే చెబుతాను.

పంపండి. కానీ పైసలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూసుకోండి. నిజమైన ఏజెంటు ప్రచురణకర్తతో బేరం చేసి, మీకొచ్చే రాయల్టీలోంచి కమీషన్ తీసుకుంటాడు. మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులకు 20 దాకా. ముందే మీ జేబు తడిమేవాడు ఏజెంటు కానే కాదు.

మా నాయిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు సైరన్ మీదే నా నవల. మూడు లాంగు నోటుబుక్కులు నిండాయి. ఒక ఏజెన్సీకి పంపిన వారానికే వాళ్ల నుంచి ఫోనొచ్చింది, "సెలెక్ట్ అయింది సార్" అని. వారంలో నవల చదివారా అన్న అనుమానం కూడా రాలేదు నాకు, అంత సంతోషం. చిట్టీ ఎత్తి, వాళ్లడిగిన 48 వేలు పట్టుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. నోట్లకు రబ్బరు బ్యాండు వేసి, టిఫిన్ డబ్బా సంచిలో అడుగున పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది మా ఆవిడ.

ఇంగ్లీషులో ఆరు పేజీల అగ్రిమెంటు. నేను పెన్ను తీశాను. ఆమె మాత్రం రెండో పేజీ మీద వేలు పెట్టి ఆగింది. సినిమా, అనువాదం, ఆడియో, అన్ని హక్కులూ శాశ్వతంగా వాళ్లకే. "మరి మాకేమొస్తది?" అనడిగింది. "పేరొస్తుంది మేడం" అన్నాడు ఏజెన్సీ అతను. ఆమె సంచి తీసుకుని లేచింది. చౌరస్తాలో చాయ్ చల్లారిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

'శాశ్వతంగా' అని ఎందుకు రాశారో తర్వాత తెలిసింది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే అయిదేళ్లే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ అయిదేళ్ల గడువు తప్పించుకోవడానికే ఆ మాట. ఐఎస్‌బీఎన్‌ (పుస్తకం గుర్తింపు నంబరు) కోసమని అయిదు వేలు కూడా వేశారు. అది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది!

అసలు కోపం ఇంకోటుంది. ఏజెంట్లలో ఎక్కువమంది చూసేది ఇంగ్లీషు రాతలే. తెలుగులో రాసేవాడు తన పైసలతో అయిదొందల కాపీలు వేయించుకుని, కట్టలు మంచం కింద పెట్టుకోవాల్సిందే. ఆవిష్కరణకు వచ్చినవాళ్లు కూడా "ఓ కాపీ ఇయ్యరాదే" అంటారు. శాలువా కొన్న పైసలతో రెండు పుస్తకాలు కొంటే ఆ రచయిత ఇంకో నవల రాస్తాడు కదా!

మొత్తం నవల ఒకేసారి పంపకండి. ఒక పేజీ కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు చాలు. యూనికోడ్‌లో టైపు చేయించండి. పాత డీటీపీ ఫాంట్లలో పంపితే అవతలివాళ్ల కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి, నాకు రెండుసార్లు అయింది.

వాళ్లు అగ్రిమెంటు పంపితే హక్కుల పేజీ ఒక్కటి, పేర్లు కొట్టేసి, ఇక్కడ పెట్టండి. మా ఆవిడతో కూడా చదివిస్తాను.