పెద్ద హెడ్ రాకెట్ కొనాలా అని అడిగిన మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీర్వదించి రాసేది. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకో. నీకు పెద్ద హెడ్ రాకెట్టే కొను. అల్లుడుగారికి మాత్రం ఇప్పుడే వద్దు. "ఒక మంచి బ్యాట్ కొనుక్కుని ఇద్దరం మార్చి మార్చి ఆడుకుంటాం మామయ్యా" అన్నావు చూడు, ఆ మాటే నా చేత ఇంత ఉత్తరం రాయిస్తోంది. నువ్వు మొన్న సంక్రాంతి వెళ్ళాకే టెన్నిస్ కోర్టులో దిగావు. ఆయన నాలుగేళ్ళుగా ఆడుతున్నారు, అంతకు ముందు షటిల్‌లో చెయ్యి తిరిగిన మనిషి. మీ ఇద్దరి చేతులూ చేసే తప్పులు వేరు. పెద్ద హెడ్ తప్పుని మన్నిస్తుంది. నీ తప్పుని మన్నించాలి, ఆయన తప్పు ఆయనకి కనబడాలి.

హెడ్ సైజు అంటే గట్స్, అంటే రాకెట్‌కి అల్లిన తీగలు, పరిచిన మేర ఎంత వైశాల్యం ఉందన్నది. ఫ్రేమ్ మీద అచ్చు వేసే ఉంటుంది, కొన్నిటి మీద చదరపు అంగుళాల్లో, కొన్నిటి మీద చదరపు సెంటీమీటర్లలో. 100 చదరపు అంగుళాలంటే 645 చదరపు సెంటీమీటర్లు. కొయ్య రాకెట్ల రోజుల్లో అది 65, 70 అంగుళాలు ఉండేది. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేవి 98, 100. 105 దాటిన దగ్గర్నుంచి ఓవర్‌సైజ్ అంటారు, 110, 115 దాకా మామూలుగానే దొరుకుతాయి. భీమవరం షాపులో నీకు చూపించింది 110 అన్నావు కదా, అది ఓవర్‌సైజే. మీ క్లబ్బులో ఎవరో పెద్దాయన "అది దొంగ బ్యాట్ అమ్మా, పోటీల్లో ఒప్పుకోరు" అన్నారట. ఒప్పుకుంటారు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధన ప్రకారం రాకెట్ మొత్తం పొడవు 29 అంగుళాలు, వెడల్పు పన్నెండున్నర అంగుళాలు మించకూడదు; గట్స్ పరిచిన మేర పొడవు పదిహేనున్నర, వెడల్పు పదకొండున్నర అంగుళాలు మించకూడదు. నువ్వు చూసినది ఆ హద్దుకి చాలా లోపలే ఉంటుంది.

ఈ పెద్ద హెడ్ ఎలా పుట్టిందో తెలిస్తే అది ఎవరి కోసమో నీకే అర్థమవుతుంది. అమెరికాలో హోవర్డ్ హెడ్ అని ఒకాయన ఉండేవాడు, మంచు మీద జారే స్కీలు తయారుచేసి పేరు తెచ్చుకున్న ఇంజనీరు. హెడ్ కంపెనీ ఆయన పెట్టిందే. యాభై దాటాక ఆ వ్యాపారం అమ్మేసి టెన్నిస్ మొదలుపెట్టాడు. ఆట రాలేదు. బంతులు విసిరే యంత్రం చేసే ప్రిన్స్ అనే చిన్న కంపెనీలో చేరి, ఆ యంత్రాన్ని బాగుచేసుకుని దాంతో సాధన చేశాడు. అయినా బంతి గట్స్ నడుమ కాక పక్కకి తగిలినప్పుడల్లా రాకెట్ చేతిలో మెలితిరిగిపోతోంది. ఇంజనీరు కదా, ఈ మెలిక ఎందుకొస్తోందని లెక్క వేశాడు. ఫ్రేమ్‌ని వెడల్పు చేస్తే మెలిక తగ్గుతుందని తేలింది. 1976లో పేటెంట్ వచ్చింది, అదే ఏడు 110 అంగుళాల అల్యూమినియం రాకెట్ ప్రిన్స్ పేరుతో బజారులోకి వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా, 1978లో, పామ్ ష్రైవర్ అనే 16 ఏళ్ళ అమ్మాయి ఆ పెద్ద రాకెట్ పట్టుకుని సెమీఫైనల్లో మార్టినా నవ్రతిలోవాని ఓడించి యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఫైనల్లో క్రిస్ ఎవర్ట్ చేతిలో ఓడిపోయిందనుకో. ఆ తర్వాత ఆ రాకెట్‌ని నవ్వులాటగా చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. నడివయసులో ఆట నేర్చుకుంటూ అవస్థ పడ్డ మనిషి తన కోసం చేసుకున్న వస్తువు అది. నీలాంటివాళ్ళకి పనికొస్తుందంటే ఆశ్చర్యమేముంది?

మెలిక ఎందుకు తగ్గుతుందంటే, కావడి మోసే మనిషిని తల్చుకో. బద్ద రెండు చివర్లా బరువుంటే అతను ఒక్కసారిగా పక్కకి తిరగలేడు, బద్ద ఎంత పొడుగైతే అంత నిదానంగా తిరుగుతుంది. రాకెట్ ఫ్రేమ్‌లోని బరువు కూడా నడిమధ్య గీత నుంచి ఎంత దూరం జరిగితే మెలితిప్పడం అంత కష్టం. పైగా అది దూరానికి వర్గంలో పెరుగుతుంది. బరువు అంతే ఉంచి వెడల్పు 10 శాతం పెంచితే, మెలికకి ఎదురునిలిచే బలం 20 శాతం పైచిలుకు పెరుగుతుంది. నీ ఫోర్‌హ్యాండ్ బంతులు ఇప్పుడు గట్స్ మీద ఎక్కడెక్కడ తగులుతున్నాయో నీకే తెలియదు. కొన్ని అంచున, కొన్ని కొసన, కొన్ని గొంతు దగ్గర, అంటే హెడ్ పిడితో కలిసే చోట. చిన్న హెడ్‌తో వాటిలో సగం నెట్‌లో పడతాయి. పెద్ద హెడ్‌తో అవే బంతులు కాస్త నీరసంగానైనా అవతలికి దాటుతాయి. దాటితేనే ఎదుటివాళ్ళు తిరిగి కొడతారు, వాళ్ళు కొడితేనే నువ్వు మళ్ళీ పరుగెత్తి కొట్టాలి. టెన్నిస్ ఆ ర్యాలీలోనే వంటబడుతుంది. బంతులు ఏరుకోవడంలో గంట గడిచిపోతే ఏమీ రాదు, విసుగొచ్చి మానేస్తారు. మానేసినవాళ్ళని నేను ఎంతోమందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక దాని రెండో గుణం విను, ఇది మంచీ చెడూ రెండూను. హెడ్ పెద్దదైతే గట్స్ పొడుగవుతాయి. పొడుగు గట్ ఎక్కువ సాగుతుంది. బంతి నలిగితే అందులో పోయిన శక్తి దాదాపు సగం పోయినట్టే, గట్ సాగితే ఆ శక్తి దాదాపు అంతా తిరిగొస్తుంది. అందుకే పెద్ద హెడ్‌తో చిన్న ఊపుకే బంతి దూరం పోతుంది. భుజంలో అంత బలం లేని నీకు ఇది వరమే. కానీ ఒకరోజు ఉత్సాహం వచ్చి చెయ్యి పూర్తిగా ఊపావనుకో, బంతి బేస్‌లైన్ దాటి, కంచె దాటి, మీ కోర్టు పక్కన పారే కాలవలో పడుతుంది. నీళ్ళు తాగిన బంతి ఆరినా మునుపటిలా ఎగరదు. దీనికి మందు గట్టింగ్‌లో, అంటే గట్స్ బిగించడంలో, ఉంది. 100 సైజు రాకెట్‌కి 52 పౌండ్లు బిగించేవాళ్ళు, 110కి 56, 58 దాకా బిగించుకోవచ్చు. ఎంత నుంచి ఎంతదాకా బిగించవచ్చో ఫ్రేమ్ మీదే రాసి ఉంటుంది, ఆ హద్దు దాటనివ్వకు. షాపులో వేసి అమ్మే గట్స్ సాధారణంగా వదులుగా ఉంటాయి. కొన్న తర్వాత ఒకసారి కొత్తగా గట్టింగ్ వేయించు.

ఇక్కడో జాగ్రత్త. మన ఊళ్ళలో షటిల్ బ్యాట్‌లకి గట్టింగ్ వేసే షాపు ప్రతి సెంటర్లోనూ ఉంది, టెన్నిస్‌కి బాగా వేసేవాళ్ళు తక్కువ. షటిల్‌కి పాతిక పౌండ్ల చుట్టుపక్కల బిగిస్తారు, టెన్నిస్‌కి దానికి రెట్టింపు కావాలి. మెషీన్ ఉందా, టెన్నిస్ ఎప్పుడైనా వేశారా అని అడిగి మరీ ఇవ్వు. గట్ రకం నైలాన్ చాలు, కాస్త ఖర్చుపెట్టగలిగితే సన్నని పోగులు కలిపి చేసే మల్టీఫిలమెంట్. పాలియెస్టర్ మాత్రం నీ రాకెట్ జోలికి రానివ్వకు. అది గట్టి గట్, ఊపు బాగా ఉన్నవాళ్ళకి స్పిన్ ఇస్తుంది, ఊపు లేనివాళ్ళకి మోచేతి నొప్పి ఇస్తుంది. పేగుతో చేసే నేచురల్ గట్ చాలా సుఖంగా ఉంటుంది గాని తేమకి పాడవుతుంది. గోదావరి గాలిలో తేమకేం కొదవ?

ఇంకో మాట గట్టిగా పట్టుకో. "ఆడవాళ్ళకి తేలికది కావాలండి" అని షాపతను మరీ తేలికపాటిది అంటగడతాడు. పెద్ద హెడ్‌లలో బాగా అమ్ముడుపోయే ఒకటుంది, హెడ్ కంపెనీ టై ఎస్6. 115 అంగుళాల హెడ్, గట్స్ లేకుండా 225 గ్రాములే, పొడవు కూడా మామూలు 27 అంగుళాల కన్నా ముప్పావు అంగుళం ఎక్కువ. చేతికి పువ్వులా అనిపిస్తుంది. అయితే ఫ్రేమ్ బిరుసు, బరువంతా పైనే ఉంటుంది. ఎదుటి బంతి వేగంగా వచ్చినప్పుడు తేలిక రాకెట్ దాన్ని ఆపలేదు, ఆ అదురంతా చేతికే వస్తుంది. నెమ్మదిగా ఆడుకునే పెద్దవాళ్ళకి అది బాగానే ఉంటుంది, కాదనను. నీకు ఇంకా ఎన్నో ఏళ్ళ ఆట ఉంది. 105 నుంచి 110 మధ్య హెడ్, 260 నుంచి 280 గ్రాముల బరువు, 27 అంగుళాల పొడవు చూసుకో. గ్రాఫైట్‌ది తీసుకో. గొంతు దగ్గర ప్లాస్టిక్ ముక్క అతికించిన అల్యూమినియం బ్యాట్ వద్దు.

పిడి సంగతి. రాకెట్ పట్టుకుని, రెండో చేతి చూపుడువేలు నీ వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య పెట్టి చూడు. వేలు సరిగ్గా పడితే సైజు సరిపోయినట్టు. అనుమానంగా ఉంటే చిన్న సైజే తీసుకో, పైన ఓవర్‌గ్రిప్ అనే పట్టీ చుట్టి పెంచుకోవచ్చు, పెద్దదాన్ని తగ్గించలేం. ఎండాకాలం మనకి ఉదయం ఆరున్నరకే చేతులు చెమటతో జారిపోతాయి. ఓవర్‌గ్రిప్ నల్లబడి నున్నగా అయ్యేదాకా ఆగకు, అది చవక వస్తువు. జారుతున్న పిడిని గట్టిగా నొక్కి పట్టుకోవడం వల్లే సగం మోచేతి నొప్పులు మొదలవుతాయని నా నమ్మకం.

ఇప్పుడు అల్లుడుగారి విషయం. ఈ భాగం ఆయనకి కూడా చదివి వినిపించు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ పేరు దేశమంతా మోగాక కోనసీమలో షటిల్ పట్టని ఇల్లు లేదు, అల్లుడుగారూ అక్కడి నుంచి వచ్చినవారే. షటిల్ బ్యాట్ 85 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది, ఆటంతా మణికట్టులో ఉంటుంది. టెన్నిస్ రాకెట్ దానికి మూడు రెట్లు పైనే. ఇక్కడ మణికట్టు నిలకడగా ఉండాలి, ఊపు భుజం నుంచి, నడుము నుంచి రావాలి, బంతి ఒంటికి ముందు తగలాలి. మొన్న మీ ఊరొచ్చినప్పుడు ఆయన ఆట చూశాను. బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా తీసుకుని మణికట్టుతో విదిలిస్తున్నారు. ఇప్పుడున్న 100 సైజుతో అలా కొడితే బంతి నెట్‌లో పడుతోంది, ఆయనకి చిరాకు వేస్తోంది. చేతికి 110 ఇచ్చామనుకో, అదే విదిలింపుకి బంతి అవతల పడుతుంది. ఆయన సంతోషిస్తారు, ఆ అలవాటు ముదురుతుంది, ఏడాది తిరిగేసరికి మోచెయ్యి బయటివైపు నొప్పి పట్టుకుంటుంది. నేర్చుకునేవాళ్ళకి మేలు చేసిన గుణమే సగం నేర్చినవాళ్ళకి కీడు చేసేది ఇక్కడే. ఆయనకి ముందు కావలసింది కొత్త బ్యాట్ కన్నా, గోడకి ఎదురుగా నిలబడి బ్యాక్‌హ్యాండ్ ముందు తీసుకునే సాధన.

ఒక పరీక్ష ఉంది, ఆయన రాకెట్ ఇంట్లోనే చూడు. మీది ఎర్ర గ్రావెల్ కోర్టు కదా, బంతి దుమ్ము గట్స్‌కి అంటుకుంటుంది. కొన్నాళ్ళు ఆడిన గట్స్ మీద ఎక్కడ ఎరుపెక్కి, ఒకదానికొకటి రాసుకుని గాట్లు పడ్డాయో చూడు. గాట్లన్నీ నడుమన ఒక్కచోటే, అరచేయంత మేరలోనే ఉంటే ఆయన బంతిని సరైన చోటే కొడుతున్నారు, పెద్ద హెడ్ ఆయనకి కొత్తగా ఇచ్చేది తక్కువ. ఊపు పెరిగేకొద్దీ ఆయనకి బంతి ఎక్కడ పడుతుందన్న భరోసా కావాలి, అది 98, 100లో ఎక్కువ. గాట్లు కొసదాకా, అంచులదాకా చెదిరి ఉంటే 102, 104 ఆలోచించవచ్చు. ఒక్కసారిగా 110కి దూకనక్కర్లేదు.

పెద్ద హెడ్ చేతగానివాళ్ళదని మాత్రం ఆయన్ని అనుకోనివ్వకు. ఆండ్రీ అగస్సీ 107 అంగుళాల హెడ్‌తో ఆడినవాడే, ఎంత వేగంగా వచ్చిన సర్వ్‌నైనా తిప్పికొట్టేవాడు. సెరెనా విలియమ్స్ కూడా చాలాకాలం 104తో ఆడింది. కాకపోతే అవి బరువైన ఫ్రేములు. షాపులో మొదటి మెట్టు వాళ్ళకి అమ్మే తేలికవాటికీ వాటికీ హెడ్ సైజు ఒక్కటే పోలిక. రేపు వయసు పైబడి ఆయన కూడా మనవాళ్ళందరిలా సాయంత్రాలు డబుల్స్‌కే పరిమితమైతే, నెట్ దగ్గర బంతిని అడ్డుకోవడానికి పెద్ద హెడ్ అంత సుఖం ఇంకోటి లేదు. అప్పుడు నేనే కొనమంటాను.

నీకు ఇంకో చిన్న సంగతి. రాకెట్‌తో పాటు ఆకుపచ్చ చుక్క ఉన్న బంతులు ఓ డబ్బా తెచ్చుకో. మామూలు బంతి కన్నా పాతిక శాతం నెమ్మదిగా వస్తాయి. పెద్దవాళ్ళు వాటితో ఆడితే నామోషీ ఏమీ లేదు. పుష్యమాసంలో పొగమంచు పట్టిన ఉదయాల్లో కోర్టు తడిగా ఉంటే ఆడకు, బంతి తేమ పీల్చి బరువెక్కి చేతిని అదరగొడుతుంది. రాకెట్‌ని ఎండలో కారులో వదిలెయ్యొద్దని అల్లుడుగారికి చెప్పు, ఆ వేడికి గట్స్ బిగువు పోతుంది. గట్టింగ్ వారానికి ఎన్నిసార్లు ఆడితే ఏడాదికి అన్నిసార్లు మార్చాలని ఆటగాళ్ళలో ఒక లెక్క ఉంది. నీకు ఏడాదికి మూడుసార్లు సరిపోతుంది.

డబ్బులు కట్టే ముందు ఒక వారం ఆడి చూడు. నా దగ్గర 107 సైజు రాకెట్ ఒకటి ఖాళీగానే ఉంది, గట్స్ 56 పౌండ్లకి మొన్ననే బిగించారు. ఈ ఆదివారం మీ అత్తగారు రావులపాలెం వస్తున్నారట కదా, అక్కడికి పంపిస్తాను. మొదటి రెండు రోజులు బంతి ఎక్కువ దూరం పోతుంది, కంగారుపడి ఊపు తగ్గించకు, రాకెట్ ముఖం కాస్త కిందికి వంచి కింది నుంచి పైకి కొట్టు. వారం అయ్యాక గట్స్ ఫోటో తీసి నాకు పంపు, అల్లుడుగారి రాకెట్ ఫోటో కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఏ సైజు కొనాలో అప్పుడు ఫోన్‌లో చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య